మూడు లీటర్లు తక్కువ

ఆంటీ పోయారని మంగళవారం ఉదయం తెలిసింది. ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతలే ఉండేవారు. అయినా ఆ కబురు నాకు వాట్సాప్ గ్రూపులో అందింది. ఏడాదిగా నేను ఆ గడప తొక్కలేదు మరి.

ఆంటీది కరీంనగర్. అంకుల్ బతికున్నప్పుడు డబ్బాలో వచ్చే పాకానికి నీళ్లూ చక్కెరా కలిపి పులియబెట్టే కిట్‌తో ఇంట్లోనే బీరు చేసేవారట. ఆయన పోయాక ఆ పని ఆవిడ మానలేదు. ఆదివారం మధ్యాహ్నం సర్వపిండి ముక్కతో అర గ్లాసు తాగేవారు, అంతే. ఇక్కడి మా తెలుగువాళ్లలో ఈ సంగతి నాకొక్కడికే తెలుసు.

నేను మొదటిసారి చేసిన బీరు ఆవిడకే రుచి చూపించాను. మత్తు బాగా ఉండాలని చక్కెర ఎక్కువ వేశాను. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు.

"పాడు గాలేదు బిడ్డా, పల్చగైంది. చక్కెరతోని మత్తొస్తది గని రుచి రాదు. నీళ్లెన్ని పోసినవ్?"

"డబ్బా మీద రాసినట్టే ఆంటీ. ఇరవై మూడు లీటర్లు."

"ఇరవై పొయ్యి. చక్కెర ముప్పావు కిలో చాలు."

తర్వాతి శనివారం తన వంటింట్లో దగ్గరుండి చేయించారు. నీళ్లు బకెట్ గీతను చేరేసరికి కళ్లద్దాలు తీసి, వంగి చూశారు. "తక్కువైతే కలుపుకోవచ్చు. ఎక్కువ పోసినంక తీస్తవా?" అన్నారు. నీళ్ల గురించే అన్నారు.

నిరుడు వేసవిలో ఓ పదిమందిని భోజనానికి పిలిచాను. ఆంటీ తాను చేసిన బీరు పన్నెండు సీసాలు ఇచ్చారు. అందరూ మెచ్చుకున్నారు.

"ఎవరు చేసిండ్రన్నా?" అని ఒకతను అడిగాడు.

"నేనే" అన్నాను.

పెద్దావిడ బీరు చేస్తుందంటే నలుగురూ ఏమంటారోనని దాచానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ మెప్పు నాకు కావాలనిపించింది.

ఆంటీ అక్కడే, సోఫా చివర, ఒళ్లో ప్లేటుతో కూర్చుని ఉన్నారు.

"మంచిగైంది. నీళ్లెన్ని పోసినవ్ బిడ్డా?"

నోరు తడబడింది. "ఇరవై మూడు ఆంటీ."

ఆవిడ తలూపి పెరుగన్నం కలుపుకున్నారు. ఇరవై అని చెప్పి ఉంటే కనీసం ఆవిడ దగ్గర నేర్చుకున్నట్టయినా ఉండేది.

తర్వాత ఎప్పుడు ఎదురుపడినా "రా బిడ్డా, చాయ్ తాగిపో" అనేవారు. నేను ఆఫీసు పని చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఒక్కసారైనా నిష్ఠూరమాడి ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

ఆ మంగళవారం సాయంత్రం ఆవిడ ఇంట్లో దాదాపు ఆ పదిమందే చేరారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నమాట అనేశాను.

"ఆ రోజు మీరు తాగిన బీరు ఆంటీ చేసింది. నేను చెయ్యలే."

ఆంటీ కూతురు క్రోయిడన్ నుంచి వచ్చింది; చాయ్ కప్పులు తీస్తూ ఆగింది. "మమ్ నెవర్ టోల్డ్ మీ" అంది మెల్లగా.

నేను కిటికీ వైపు తిరిగాను. బయట వాన మొదలైంది. ఆంటీ ముందురోజు తీగ మీద ఆరేసిన నీలం స్వెటర్ తడిసి బరువెక్కింది. దాని చేతులు సాగి, నేల వైపు వేలాడుతున్నాయి.