చింతపండుతో తోమిన రూపాయి

పొద్దున మా మనవరాలు పూజ సామాను ముందేసుకుని, చింతపండులో ఇంత బూడిద కలిపి తోముతోంది. ఆ పుల్లటి వాసన ముక్కుకు తగలగానే నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. నిజాం రోజుల్లో, నారాయణఖేడ్‌లో నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఇదే చింతపండుతో ఒక రూపాయిని పాడుచేశాను. బసవ్వ నాకు గురువైంది ఆ రూపాయి వల్లే.

బసవ్వది మా పక్కిల్లు. ఇంట్లో కన్నడం, బయట మన మాట. ఆడవాళ్ల మెడలోకి రూపాయల దండలు గుచ్చడం ఆమె పని. అక్షరం ముక్క రాదు, కానీ రూపాయి చేతిలో పెడితే అది ఏ టంకశాలలో పుట్టిందో ఇట్టే చెప్పేది. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయి హైదరాబాద్‌దని ఎవరైనా చెబుతారు. ఇంగ్లీషు రాజు తల ఉన్న కల్దార్‌ను మాత్రం ఆమె వెనక్కి తిప్పి, అడుగున ఉన్న తామరపువ్వు కింద వెతికేది. అక్కడ చిన్న చుక్క ఉంటే బొంబాయి, లేకుంటే కలకత్తా.

"నోడు, చూడు బిడ్డా, రాజు మొగం అందరు చూస్తరు. పుట్టిల్లు ఎనక ఉంటది" అనేది.

"నీకు చదువొస్తే తహసీల్దార్‌వి అయ్యేదానివి అవ్వా" అని నేను ఆటపట్టిస్తే, "తహసీల్దార్‌కు గీ చుక్క కనిపిస్తదా?" అని నవ్వేది.

ఒక గురువారం మనూర్ వైపు నుంచి సాయమ్మ అనే కూలి మనిషి, బొంబాయిలో పనిచేసొచ్చి చనిపోయిన తన మొగుడు వదిలిన కల్దార్ ఒకటి పట్టుకుని బసవ్వ అరుగు మీదికి వచ్చింది. బోరంచ నల్లపోచమ్మ జాతరకు దాన్ని మెడలో వేసుకోవాలని ఆమె ఆశ. అబ్బ, ఏం మెరుపది! రాజు తల చుట్టూ ఉన్న వెండి అచ్చం అద్దమే. వంగి చూస్తే నా బొట్టు కనిపించింది. అరుగు మీదే కూర్చున్న మా మామ అది లాక్కుని చూశాడు. ఊళ్లో వెండి విషయంలో మామ మాటంటే మాటే.

"ఖోటా, దొంగ రూపాయి" అన్నాడు. "రూపాయి గింత మెరుస్తదా? నీ మొగడు బొంబైల గీ పనే చేసిండా ఏంది?"

సాయమ్మ ముఖం మాడిపోయింది. "మా ఆయన టక్సాల్‌ల, రూపాయలు కొట్టే కాడ, మూటలు మోసిండు సావుకారి. గిది చూపెట్టనీకి ప్రత్యేకంగ కొట్టిన రూపాయట. కొలువు ఇడిసిననాడు దొర ఇచ్చిండట. సచ్చేదాక గదే చెప్పిండు."

"సచ్చినోడు ఏమన్న చెప్తడు" అన్నాడు మామ. నాకు ఒళ్లు మండింది. కానీ కొంగు నెత్తిన వేసుకున్న కోడలిని, నోరెత్తితే కదా!

బసవ్వ మాత్రం తొణకలేదు. అదే రాజు తలతో అందరూ వాడే బొంబాయి రూపాయి ఒకటి తెచ్చి, పక్కన పెట్టి ఎల్లుండి తేలుస్తానంది. అంతవరకు సాయమ్మ రూపాయిని మా ఇంట్లోనే ఉంచమంది. తర్వాత తానే మార్చిందని మామ అనకూడదుగా! బట్టలో చుట్టి నా చేతికిచ్చి, "జాగ్రత్త బిడ్డా" అంది.

మా ఇంట్లో వెండిని జాగ్రత్త చేయడమంటే తోమడమే. మర్నాడు శుక్రవారం. లక్ష్మీదేవి ముందు పెట్టే రూపాయలన్నీ తోముతూ, పాపం సాయమ్మది కూడా తళతళలాడాలని దాన్నీ చింతపండు పెట్టి, బూడిదలో వేసి రుద్దాను. కడిగి చూస్తే నా బొట్టు లేదు. అద్దం నిండా సన్నని గీతలు.  మళ్లీ బట్టలో చుట్టి పెట్టెలో దాచేశాను.

శనివారం మామ రూపాయిని చూసి, "మంచిదే ఉన్నది గదా! మొన్న ఎండల మెరిసి నన్ను మోసం చేసింది. గుచ్చుకో పో" అన్నాడు. చూడండి నా అదృష్టం! నోరు మూసుకుంటే అన్నీ సర్దుకుపోయేవి.

"మంచిదంటే నాకేం లాభం సావుకారి?" అంది సాయమ్మ. "మా ఆయన చెప్పింది నిజమా కాదా? గది చెప్పు."

ఇక ఆగలేకపోయాను. "నేనే తోమిన మామా. అద్దం లెక్క ఉండె. నేనే పాడుచేసిన" అనేశాను. కోడలి గొంతు మామ ముందు అంత గట్టిగా లేవడం ఆ ఇంట్లో అదే మొదలు.

బసవ్వ రెండు రూపాయలనూ మామ ముందు పెట్టింది. "రెండింటికీ చుక్క ఉన్నది, రెండూ బొంబైయే. ఇగ అంచు పట్టి చూడు. మామూలుదాని అంచు గుండ్రంగ జారుతది. గీ పిల్ల తోమినదానిది ఇంక వేలికి గుచ్చుతది. అక్షరాల నడుమ నోడు, గాడికి చింతపండు పోలే."

మామ రూపాయిని ఎండకేసి తిప్పాడు. అక్షరాల సందుల్లో అద్దం ఇంకా మెరుస్తోంది. అచ్చునూ వెండిబిళ్లనూ ముందే మెరుగుపెట్టి, ఒకటికి రెండుసార్లు ఒత్తి కొట్టే అలాంటి నాణేన్ని ప్రూఫ్ అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బసవ్వకు ఆ పేరు తెలియదు, వేలికి తెలుసు.

"హౌ సాయమ్మా" అన్నాడు మామ, తల దించుకుని. "నీ పెనిమిటి సత్తెమే చెప్పిండు. నాదే తప్పు మాట."

సాయమ్మ కళ్లు తుడుచుకుని రూపాయిని ముఖం దగ్గర పెట్టుకుంది. "మా ఆయన అండ్ల చూసుకుంట మీసం దువ్వుతుండె" అంది, నన్ను తిట్టకుండా, మామూలుగానే. నేను లోపలికి పోయి ఏడ్చాను. తిట్టినా బాగుండేది.

కొక్కెం అతికిస్తే అంచు పోతుందని బసవ్వ ఆ రూపాయికి పట్టుదారంతో వల అల్లింది. ఆ మధ్యాహ్నమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "చేసింది చెప్పినవ్, మంచిదే. ఇగ చూసుడు నేర్చుకో" అని మొదటి రూపాయి చేతిలో పెట్టింది. ఆమె పోయేదాకా ఆ అరుగు విడిచిపెట్టలేదు నేను.

జాతరలో సాయమ్మ నన్ను చూసి దగ్గరికి వచ్చింది. నేను మొహం తిప్పుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపి, మెడలోని రూపాయి ఎత్తి నా కంటి దగ్గర పెట్టింది. "గీడ చూడు పిల్లా, గీ సందుల. ఇంక కనిపిస్తది."

నువ్వు గింజంత అద్దంలో నా కన్ను కనిపించింది.

మనవరాలు చెంబులు ముగించి, నల్లబడ్డ పాత వెండి భరిణె అందుకుంది. చింతపండు దాని మీద పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "ఆగమ్మా. ముందు తిప్పి చూడు" అన్నాను.