చింపని పేజీ

మా మేడం పోయారని మంగళవారం పొద్దున కాలేజీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కింద వరుసగా దండం బొమ్మలు, ఆత్మకు శాంతి కలగాలని మాటలు. ఆమె ఊరికే శాంతంగా కూర్చునే మనిషి కాదు. బీరువాలోంచి నా పాత ల్యాబ్ రికార్డు తీసుకున్నాను.

హనుమకొండలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె ఆప్టికల్ ల్యాబ్ చూసేవారు. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేనే. అమ్మ కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం చెరిగే కూలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు డిస్పర్షన్ అనే పాఠం తలకెక్కలేదు.

"మేడారం జాతరకు నడిచి పోతరు జూడు," అన్నారు మేడం. "అందరు ఒక్కసారే బయలెల్లుతరు. సగం తొవ్వల పోరగాండ్లు ముందట, ముసలోళ్లు ఎనక. ఎనకొచ్చే ఇంకో గుంపు ఈళ్లల్ల కలిసిపోతది. వెలుతురు గూడ అంతే బిడ్డా."

ఇంటర్నెట్ మోసే గాజు తీగ, అదే ఫైబర్‌లో పంపే ప్రతి మెరుపులోనూ కొద్ది తేడాతో పలు రంగులుంటాయి. ఒక్కోదానిది ఒక్కో వేగం. దూరం పోయేకొద్దీ మెరుపు సాగి పక్కదానితో కలిసిపోతుంది. మెరుపుంటే ఒకటి, లేకుంటే సున్నా; అవతల ఏది ఏదో తెలియదు. అందుకే వెనకబడిన రంగు వేగంగా నడిచే మరో రకం ఫైబర్‌ను తగినంత కలుపుతారు.

ఆ 'తగినంత' దగ్గరే నేను తప్పు చేశాను. ఆ ఫైబర్ ఒక చుట్ట చాలేచోట రెండు కలిపాను. తెర మీద మెరుపు సన్నబడలేదు. సరిపోలేదనుకుని మూడోదీ కలిపాను. ఇంకా సాగింది.

మేడం నవ్వారు. "ఎనకున్నోళ్లను మరీ ఉరికిచ్చినవ్. ఇప్పుడు ముందటోళ్లు ఎనకవడ్డరు. రెండు తీసెయ్."

తీస్తే మెరుపు సన్నగా, నిటారుగా నిలిచింది.

మా దగ్గర రికార్డంటే సీనియర్ల రికార్డు చూసి దించడమే. మేడం మాత్రం తప్పొచ్చిన గ్రాఫు కూడా అంటించమనేవారు. పరీక్షకు బయటి నుంచి వచ్చిన సార్ నా మూడు చుట్టల గ్రాఫు పేజీ దగ్గర ఆగారు.

"ఇది చింపేయమ్మా. లేకపోతే మార్కులు పోతాయి."

ఫస్ట్ క్లాస్‌కు నేను అంచు మీద ఉన్నాను. అది పోతే పై చదువు లేదు. నా చేయి పేజీ మీదికి వెళ్లింది.

"చింపుడు లేదు సార్," అన్నారు మేడం. "ఎందుకట్లయిందో పిల్లనడుగుండ్రి. తెలుగుల చెప్తది."

తెలుగులోనే చెప్పాను. చింపలేదు. మార్కులు తగ్గాయి.

"తగ్గనియ్యి. ఇంకో పరీక్ష ఉన్నది గదా!" అన్నారామె. చివరి సెమిస్టర్‌లో కసిగా చదివి ఆ లోటు పూడ్చాను.

ఇప్పుడు మడికొండ వైపు ఒక కాలేజీలో నేనూ ల్యాబ్ చెబుతున్నాను. ఆ మంగళవారం కూడా వెళ్లాను. ఒకమ్మాయి రికార్డు పట్టుకొచ్చింది.

"తప్పొచ్చింది మేడం. ఈ పేజీ తీసేస్తా."

"తీసుడు లేదు. అంటించు."

అంటించింది. జిగురు ఆరలేదు, ఫ్యాను గాలికి కాగితం అంచు లేస్తోంది. ఆరేదాకా దాని మీద నా అరచేయి పెట్టి ఉంచాను.