వదిన కుట్టిన పొత్తిగుడ్డలు

మా వదిన పోయింది. మస్కట్‌లో డ్యూటీకి తయారవుతూ గదిలోనే కుప్పకూలిందట. గుండెపోటు అన్నారు. ఆమెతో ఒకే గదిలో ఉండే మలయాళీ నర్సు ఫోన్ చేసి, వచ్చీరాని తెలుగులో ముందు "ఒంట్లో బాగాలేదు" అంది, తర్వాత ఏడ్చేసింది. అప్పటికే వదినకి సెలవు దొరికింది. కూతురి రెండో కాన్పుకి వస్తున్నానని తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంది. ప్రయాణం రోజు రాకముందే శవపెట్టెలో వచ్చింది.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. మా అన్నయ్యని చేసుకునేనాటికే వదిన నర్సు చదువు పూర్తిచేసింది. ఆమదాలవలసలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పులు చేసేది. చేపల బుట్ట దించి నొప్పులతో నేరుగా వచ్చిన ఆడవాళ్ళు కూడా "సిస్టరమ్మ ఉన్నాదేటి?" అని కనుక్కున్నాకే గడప దాటేవారు. కడుపు ముట్టుకునే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేది. ఏమిటీ చాదస్తం అని నేను ఆటపట్టిస్తే, "సల్లటి సెయ్యి తగిల్తే లోపలున్నోడు ఉలిక్కిపడతాడే" అనేది. నా పిల్లలిద్దర్నీ మొదట పట్టుకున్నవి ఆ చేతులే.

తుపానుకి అన్నయ్య పడవ ముక్కలైపోయాక, తనే బయటి దేశం వెళ్తానంది. ఆమెతో చదివినవాళ్ళు అప్పటికే ఒక్కొక్కరూ వెళ్ళిపోతున్నారు. అక్కడ కాన్పుల నర్సులకి గిరాకీ ఎక్కువ. మా అమ్మకి అది మింగుడుపడలేదు.

"మన పిల్లల్ని ఒగ్గేసి పరాయోల్ల పిల్లల్ని పట్టడానికి ఎల్తావేటే?"

"పుట్టినప్పుడు పరాయోలేటి, మనోలేటి అత్తా. అందరిదీ ఒకటే ఏడుపు" అంటూ వదిన సామాను సర్దుకుంది.

స్టేషన్లో రైలు కదిలేదాకా నవ్వుతూనే ఉంది. అది చూసి నాకు ఒళ్ళు మండింది. ముంబై దాకా దిగబెట్టి వచ్చిన అన్నయ్య చెప్పాడు, విజయనగరం రాకముందే ఆమె కొంగు తడిసిపోయిందని.

అక్కడ అరబ్బీ నేర్చుకుంది. అయినా నొప్పులు ముదిరే వేళకి నోట మన మాటే వచ్చేసేదట. "ఇంకొక్కపాలి తల్లీ, అయిపోనాది అంటాను. ఆల్లకి తెలిసిపోతాదే" అని ఫోన్లో చెప్పి పడీపడీ నవ్వేది. నొప్పులు పడే మనిషికి ఎదుటివాళ్ళ భాషతో పనిలేదని ఆమె నమ్మకం. చెయ్యి వదలకుండా పట్టుకుంటే చాలనేది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. వదిన కూతురు, అంటే నా మేనకోడలు, పుట్టింటికి వచ్చింది, కానీ తల్లి లేదు. వదినకి సెలవు ఇవ్వలేదు. ఆ పిల్ల శ్రీకాకుళం ఆసుపత్రిలో నొప్పులు పడుతున్నప్పుడు, వదిన మస్కట్‌లో ఇంకెవరికో పురుడు పోస్తోంది. మనవడు పుట్టాడని ఫోన్లో చెప్పాం. "ఊరందరి పిల్లల్నీ నేను పట్టినాను. నా కూతురి బిడ్డని ఎవులో పట్టుకున్నారు" అంది. అందుకే రెండో కాన్పుకి అంత పంతం పట్టింది. "ఈపాలి నా సేతుల్లోకే రావాల" అని ఎన్నిసార్లు అందో.

దినకర్మలు అయ్యాక కొద్ది రోజులకే మేనకోడలు ప్రసవించింది. ఆడపిల్ల. బాలింతని ఇంటికి తెచ్చుకున్నాక వదిన సూట్‌కేసు మస్కట్ నుంచి వచ్చింది. తెరిస్తే పైనే పొత్తిగుడ్డలు. ఉతికి ఉతికి మెత్తబడిన తన పొందూరు చీరల్ని కత్తిరించి, అంచులు చేత్తో కుట్టుకుంది. మా వైపు పసిబిడ్డని కొత్తబట్టలో చుట్టం, పెద్దవాళ్ళు కట్టిన పాత చీరలోనే చుడతాం. అయితే పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోం.

"సచ్చిపోయిన మనిసి బట్ట పసిగుడ్డుకి సుట్టకూడదే. సాకలికి ఇచ్చీయండి" అంది అమ్మ.

మేనకోడలు మంచం దిగి వచ్చింది. పచ్చి బాలింత, నిలబడలేక గోడ పట్టుకుంది.

"ఇవి సచ్చిపోయిన మనిసివి కావు మామ్మా. మాయమ్మ బతికుండగా కుట్టినాది. వస్తానని కుట్టినాది."

అమ్మ ఒక గుడ్డ తీసుకుని ముఖానికి అదుముకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని దాన్ని ఒళ్ళో పరిచింది, ముడతలు లేకుండా అరచేత్తో సర్దింది.

"ఇలా తే పిల్లని. ఆల్లమ్మమ్మ సేతుల్లో ఎట్టు."

పిల్ల ఒకసారి ఒళ్ళు విరుచుకుని, ఆ గుడ్డలో ముడుచుకుని నిద్రపోయింది.