ఆఫీసరుకు మంచినీళ్లిచ్చిన అత్త

మా అత్త పోయింది. పోయిన మంగళవారం తెల్లవారి, విడవలూరు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న మా పాలెంలో, నీళ్లకు పోయి వస్తూ కడవతో సహా ఇసుకలో కూలబడింది. మళ్లీ లేవలేదు. బిట్రగుంటలో నేను పనిచేసే ఆయిలింజన్ల షెడ్డుకు మా ఊరి చేపల సైకిలాయన వచ్చి చెప్పాడు. గంప కూడా దించలేదు. "మీ అత్త పోయిందబ్బయా. సాయంత్రానికి మట్టి జేస్తారంట, బయల్దేరు" అన్నాడు. మా మేస్త్రి "సొంత అత్తా?" అని అడిగాడు. కాదన్నాను. "అట్టయితే ఆ పంపు బిగించి పో" అన్నాడు. స్పానరు ఆయన కాళ్ల దగ్గర పారేసి సైకిలెక్కాను. ఆ పని ఇంకా నాకుందో లేదో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఇది చదివే మీరెవరూ ఆమెను ఎరగరు. ఆమె పేరు పేపర్లో పడే మనిషి కాదు. నాకు చుట్టం కాదు, మా పక్కింటి మనిషి. పాలెం మొత్తానికి అత్తే. ఒకసారి కరణం గారు కూడా నోరు జారి అత్తా అన్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఆయన కనపడినప్పుడల్లా ఆమె "అల్లుడు గారూ, అన్నం తిన్నారా?" అని అడుగుతూనే ఉంది.

మా వైపు దొరువులుంటాయి. దొరువంటే ఇసుక నేలలో నడుము లోతున తవ్విన వెడల్పాటి గుంట. ఒక పక్క దిగి, రెండు చేతులా రెండు కడవలు ముంచుకుని, ఇంకో పక్క ఎక్కి, నడుస్తూనే వంగ మొక్కల మీద, మిరప మొక్కల మీద ధారగా పోసుకుంటూ పోతాం. తాగేదీ ఆ నీళ్లే. వానకు ఇసుక తాగిన తీపినీళ్లు పైన ఉంటాయి, సముద్రపు నీళ్లు కింద ఉంటాయి. మధ్యలో గోడేమీ లేదు. పైనీళ్లను నెమ్మదిగా తోడుకున్నంత కాలం కిందివి కిందనే ఉంటాయి. ఆత్రపడి లాగితే పైకొస్తాయి. ఒకసారి వచ్చాయంటే ఎన్ని వానలకు పోతాయో చెప్పగలిగిన వాళ్లు మా ఊళ్లో లేరు.

రోజూ తెల్లారేసరికి అత్త ఒక్కొక్క దొరువు దగ్గరికీ పోయి దోసెడు నీళ్లు నోట పోసుకునేది. పుక్కిలించి, కళ్లు మూసుకుని, ఉమ్మేసేది. "దీన్ని రెండ్రోజులు వొదిలెయ్యండి, అలిసిపోయుండాది" అంటే దాని జోలికి ఎవరూ పోకూడదు. మధ్యాహ్నం పూట ఏ దొరువులోనూ దిగనిచ్చేది కాదు. నీళ్లు కూడా కాస్సేపు పండుకోవాలనేది. ఆమె మాట వినకుండా వదిలేసిన దొరువులో కడవ ముంచిన ఆడమనిషిని గట్టు మీద నిలబెట్టి, "ఏమ్మే, నీ మొగుణ్ణి గూడా ఇట్టానే తోడేసుంటావు. అందుకే అట్టా ఎండిపోయుండాడు" అంది. అందరూ నవ్వారు, ఆ మొగుడుతో సహా.

నేను బళ్లో చదివింది రెండో తరగతి దాకానే. మిగతా చదువంతా బెల్లం, ఉప్పు పొట్లాలు కట్టి వచ్చిన కాగితాల మీద అబ్బింది. అత్త ఆ కాగితాలను పారెయ్యకుండా దులిపి, చూరులో దోపి, నాకోసం ఉంచేది. "ఏముందో జదువు" అనేది. కాగితం ఎక్కడో సగంలో చిరిగి ఉండేది. మిగతా సగం ఆమే చెప్పేది. ఆమె చెప్పిన కథల్లో దొంగైనా, రాజైనా, పోలీసైనా చివరికి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని కడుపునిండా తినేవాడు. నాకు కోపం వచ్చేది. దొంగకు అన్నం పెట్టడమేంది అనేవాణ్ణి. "ఆకలి దొంగతనం జెయ్యలేదు గదరా" అనేది.

నెల్లూరి నుంచి ఒక షావుకారు వచ్చి మా దొరువుల పక్కన ఐసు ఫ్యాక్టరీ కడతానన్నాడు. చేపలూ రొయ్యలూ ఐసులో పెట్టి, బిట్రగుంటలో రైలెక్కించి మద్రాసు పంపిస్తాడట. ఆయన గుమాస్తా చెట్టు కింద నిలబడి రోడ్డొస్తుందన్నాడు, లైట్లొస్తాయన్నాడు, ఇంటికొక ఉద్యోగం అన్నాడు. నేను ఆయిలింజన్లు బిగించేవాణ్ణి. పాలెం ఆడవాళ్లందరూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా తోడే నీళ్లను ఆ సైజు ఇంజను ఎంతసేపట్లో లాగేస్తుందో నాకు తెలుసు. అత్తకు చెప్పాను. "ఐసంటే నీళ్లేగా?" అని మాత్రం అడిగింది.

పర్మిషను రాకముందే, పరీక్షకని చెప్పి ఒక బోరు దించారు. ఇంజను రాత్రీ పగలూ ఆడింది. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ కాలేదు. గుమాస్తా మమ్మల్ని చూసి నవ్వాడు. అయిదో రోజు అత్త, బోరుకు దగ్గరగా ఉన్న దొరువు నీళ్లు నోట పోసుకుని, ఉమ్మెయ్యకుండా అలాగే నిలబడిపోయింది. వారం తిరిగేసరికి పక్క దొరువు కూడా ఉప్పెక్కి పోయింది. వంగ మొక్కల ఆకులు అంచుల నుంచి లోపలికి కాలుతూ వచ్చాయి. కుక్కలు ఆ రెండు గుంటల దగ్గరికి పోయి, వాసన చూసి, వెనక్కి తిరిగి వచ్చేవి.

అప్పుడు నెల్లూరు కలెక్టరాఫీసుకు అర్జీ రాశాం. రాసింది నేను, రాయించింది ఆమె. నేను మొదట రాసుకొచ్చింది ఆమెకు చదివి వినిపించాను. షావుకారును పేదల రక్తం తాగే జలగ అని రాశాను.

"ఆయన రక్తం తాగేది నువ్వు జూసినావా?"

"మాటవరసకత్తా."

"ఆయన తాగేది మన నీళ్లు. అదే రాయి. తిట్లు తీసెయ్."

"తిట్లు తీసేస్తే ఇంకేం మిగలదత్తా!"

"దొరువులు మిగిలినాయి గదా. అయ్యి రాయి."

ఏ దొరువు ఎవరు తవ్వారో, ఏ ఎండాకాలంలో ఎంత లోతుకు దిగిందో, ఏది ఎప్పుడు చెడిందో ఆమె చెబుతూ ఉంటే రాశాను. ప్రార్థన మందిరంలో ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని అందరికీ చదివాను. అందరూ వేలిముద్రలు వేశారు. మొదటి ముద్ర ఆమెదే.

ఎండలు ముదిరినాక ఆఫీసరు విచారణకు వచ్చాడు. జీపు ఇసుకలో కూరుకుపోతే మేమే తోశాం. వెనక సీట్లో షావుకారి గుమాస్తా దిగకుండానే కూర్చుని ఉన్నాడు. ఆఫీసరు కుర్రవాడే. మొహమంతా కందిపోయి ఉంది. మందిరం నుంచి తెచ్చిన కుర్చీలో కూలబడి, "కాసిని మంచినీళ్లు ఇప్పించండమ్మా" అన్నాడు.

అత్త లోపలికి పోయి ఇత్తడి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన గటగటా తాగేసి గ్లాసు మళ్లీ చాపాడు. రెండో గ్లాసు ఇచ్చింది. "ఎంత తియ్యగా ఉన్నాయమ్మా! నెల్లూర్లో కూడా ఇట్లాంటి నీళ్లు లేవు" అన్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసినప్పుడు నాకు అర్థమైంది. ఆఫీసరొస్తున్నాడని తెలిసి, తెల్లారకముందే తనే మైలు దూరం ఇసుకలో నడిచి, సరుగుడు తోటలకు అవతలున్న ఆఖరి దొరువు నుంచి కడవెడు నీళ్లు తెచ్చి, తడిగుడ్డ చుట్టి పెట్టింది. ఇళ్ల దగ్గరి మిగతా దొరువుల్లో కూడా అప్పటికే ఉప్పు తగులుతోంది. ఇంటికొచ్చిన మనిషికి ఉప్పునీళ్లెట్లా ఇస్తుంది? ఆ రోజు పాలెంలో ఏ ఇంట్లో అడిగినా ఆ తీపినీళ్లే ఇచ్చేవాళ్లు. ఆడవాళ్లందరూ ఆమె వెంటే పోయి తెచ్చుకున్నారు. మా చెడిన నీళ్లు చూడటానికి వచ్చినవాడికి చెడిన నీళ్లు ఇయ్యాలన్న ఆలోచన ఊళ్లో ఒక్కరికీ రాలేదు.

నేను ముందుకు పోయాను. "సార్, మేం రోజూ తాగే నీళ్లు ఇవి కావు."

"మరి ఏవి?"

"చెడిపోయిన దొరువులు అక్కడుండాయి. వచ్చి నోట బోసుకుని చూడండి సార్."

"మీరిచ్చినవే గదయ్యా తాగాను? కడుపు నిండిపోయింది."

గుమాస్తా జీపులో కూర్చునే, "వాళ్లు ఇచ్చినయ్యి బాగలేవని మళ్లీ వాళ్లే అంటుండారు సార్, రాసుకోండి" అన్నాడు. ఆఫీసరు నవ్వాడు. చెడిన దొరువులను గట్టు మీద నుంచే చూశాడు. అందులో నీళ్లు ఎప్పటిలాగే తేటగా, ఆకాశం కనపడేటట్టు ఉన్నాయి. చూపుకు ఉప్పు కనపడదు కదా. జీపును మళ్లీ మేమే తోశాం.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే బిట్రగుంట రైల్వే స్టేషన్లో ఒక క్లర్కుగారు చదివి చెప్పాడు. "గ్రామంలోని నీటిని నేను స్వయంగా రుచి చూసితిని, తియ్యగా ఉన్నది, అభ్యంతరములు నిరాధారములు." ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. నేను మూడోసారి కూడా చదవమన్నాను.

పాలెం పోయి అత్త మీద అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ వింది. నా నోరు ఆగినాక, "దాహమని అడిగినోడి నోట్లో ఉప్పు బోసేదానికి చెయ్యి రాలేదురా" అంది. నేను గుమ్మం దాటి వచ్చేశాను. నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెలను ఎవరైనా నాకు తిరిగి ఇస్తారా?

ఫ్యాక్టరీ గోడలు లేచాయి. రెండో బోరు సరుగుడు తోటల పక్కన దించారు. ఫ్యాక్టరీ వాళ్లు పాతిన హద్దురాళ్లు పోయిన వారం ఉన్నచోట ఈ వారం ఉండేవి కావు. అడిగితే గాలికి ఇసుక కదిలిందనేవాళ్లు. ఆదివారం పాటలు పాడుతుంటే ఇంజను చప్పుడుకు చప్పట్ల తాళం తప్పిపోయేది. కొన్నాళ్లకు చప్పట్లే ఇంజనుతో కలిసిపోయాయి. దొరువులు ఒక్కొక్కటే పోయాయి. అత్త రోజూ తెల్లవారి తిరగడం మానలేదు. చెడిపోయినవాటిని కూడా నోట పోసుకుని చూసేది. ఆఖరికి మిగిలింది తోటల అవతలి దొరువు ఒక్కటే. పాలెమంతా అక్కడికే నడిచేది.

మళ్లీ అర్జీ పెడదామని ఆమే కబురు పెట్టింది. వెళ్లాను. జరిగినదాన్ని ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రాయడం అయ్యాక బొటనవేలికి సిరా పూసుకుంటూ, "ఈసారి ఆఫీసరొస్తే నన్ను ఇంట్లో బెట్టి గొళ్లెమెయ్యండిరా. నా చెయ్యి మీద నాకు నమ్మకం ల్యా" అంది. ఆమే ముందు నవ్వింది. ఆ రోజు ఆమె పాదాలు వాచి ఉన్నాయి. చూశాను. అడగలేదు. ఆ అర్జీ ఇప్పుడు నెల్లూర్లో ఏ బల్ల మీద ఉందో తెలియదు. దాని మీద మొదటి ముద్ర వేసిన మనిషి లేదు. ఎవరైనా విచారణకు వస్తే ఏ దొరువు ఎప్పుడు చెడిందో చెప్పేవాళ్లు లేరు.

మంగళవారం మధ్యాహ్నం నేను పాలెం చేరేసరికి ఆమెను మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. ఆఖరి స్నానానికి మంచినీళ్లే ఉండాలని ఆడవాళ్లు పట్టుబట్టారు. ఎండలో, కాళ్లు కాలుతుంటే, నలుగురు తోటల అవతలి దొరువు దాకా పోయి నాలుగు కడవలు తెచ్చారు. శవానికని తెచ్చిన నీళ్లను ఎవరూ నోట పెట్టరు; పొద్దున ఆమె కూలబడ్డప్పటి నుంచి తాగే నీళ్లకు ఎవరూ పోలేదు. ఇంటి వెనక చాప అడ్డుగా కట్టి, స్నానం చేయించి, తెల్లచీర కట్టి, పంచలో పడుకోబెట్టారు. ఫాదరు గారి కోసం కాచుకుని ఉన్నాం. గాలి వేడిగా కొడుతోంది. ఇంజను ఆడుతోంది.

ముందు చూసింది ఆమె కూతురు. "ఇదేంది?" అంది. అత్త నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట, సన్నగా తెల్లటి గీత. చెవుల వెనకా ఉంది. కట్టిన చేతుల మీద వేళ్ల సందుల్లోనూ ఉంది. కూతురు వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. మా అందరి వైపూ చూసింది. నీళ్లు తెచ్చిన నలుగురిలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

అదే కడవలో మిగిలిన నీళ్లలో గుడ్డ ముంచి కూతురు ఆమె మొహం తుడిచింది. నల్లటి చర్మం నిగనిగలాడింది. ఫాదరు గారు వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ తలలు వంచారు. నేను వంచలేదు. ఆమె మొహాన్నే చూస్తూ నిలబడ్డాను. తడి ఆరుతున్న కొద్దీ ఆ గీత నుదుటి మీద మళ్లీ తెల్లగా తేలుతూ వచ్చింది.