కొండ మీద మా మేడమ్ నాలుగేళ్లు

అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన మా మేడమ్ జీవితం మీద వేసిన పుస్తకంలో, మా ఇనప కొండ మీద ఆమె చేసిన కొలువుకి దక్కింది ఒకే ఒక్క వాక్యం: ‘బస్తర్ అడవుల్లో నాలుగేళ్లు వృథాగా పోయాయి.’ ఇది అన్యాయం.

నేను ఆ గనిలో శాంపిల్ పనివాణ్ణి. సరిహద్దులోని కొంటా ఊరి పక్క పల్లె నుంచి కూలికొచ్చి, సంచులకు కట్టే చీటీలు చూసి చూసి చదవడం నేర్చుకున్నాను. బడి మొహం ఎరగను. అయినా వృథా అంటే ఏందో నాకు తెలుసు.

ఆమె రాళ్ల సైంటిస్టు. వచ్చేనాటికి ఇరవై నాలుగేళ్లుంటాయేమో. వారం తిరక్కుండానే ఆమె తెల్ల చున్నీ దుమ్ముకి ఇటుక రంగుకొచ్చింది. తవ్విన ప్రతిచోటా నమూనా తీయించి, కొండలో ఇనుము ఎక్కడ ఎంతుందో తేల్చడం ఆమె పని. దానికో పద్ధతుంది. రాయి నలగ్గొట్టి, తార్పాలిన్ మీద కుప్ప పోసి, పరిచి, రొట్టెలా నాలుగు ముక్కలు చేయాలి. ఎదురెదురువి రెండు ఉంచుకుని తక్కిన రెండూ పారేయాలి. ఏ రాయినీ చేత్తో ఏరకూడదు.

నాతో పాటు ఆ పనిలో నలుగురు ఆడవాళ్లుండేవారు. ఆ పిల్లంటే మాకందరికీ ప్రాణం. ఆడపిల్లకి గని పనేందని దఫ్తర్లో సాబులు నవ్వుతున్నారాయె. అందుకని పారేసే ముక్కల్లోంచి ఇనుము ఎక్కువుండే, నల్లగా మెరిసే బరువు రాళ్లు ఏరి ఆమె సంచుల్లో వేశాం. నేనూ వేశాను.

ల్యాబు కాగితం వచ్చింది. దఫ్తర్లో లడ్డూలు పంచారు. ఆమె మాత్రం కాగితం పట్టుకుని కొండెక్కింది.

“బాబాయ్, కొండంతా మేలిరకం ఇనుమేనట! మట్టి ఎటు పోయింది?”

“నీ అదృష్టం అమ్మా.”

“నా అదృష్టాన్ని ఎవరు ఏరారు?”

ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. దొరికిపోయాం.

“నీకు మాట రావొద్దని...” అన్నాను.

“కొత్తల్లుడికి వడ్డించినట్టు వడ్డించారు కదా నాకు!” అని అరిచింది. తర్వాత తార్పాలిన్ మీద కూలబడి తనే నవ్వింది.

నమూనాలు చెడ్డాయని దఫ్తర్లో తనే ఒప్పుకుంది. మా ఊసెత్తలేదు. సాబు ఎన్నెన్ని మాటలన్నాడో గుమస్తా చెబితే తెలిసింది గానీ ఆమె చెప్పలేదు. నెలంతా మాతో దుమ్ములో కూర్చుని అన్నీ మళ్లీ తీయించింది.

తర్వాత పై చదువులకు వెళ్లిపోయింది. ఆకాశం నుంచి రాలిన రాళ్ల మీద పరిశోధన చేసిందనీ, ఆపైన వ్యోమగామిగా ఎంచుకున్నారనీ పేపర్లో చదివాను. రాకెట్టు లేచిన రోజు టౌన్‌షిప్ క్లబ్బు టీవీ ముందు ఆ నలుగురూ నా పక్కనే ఉన్నారు. “ఆడ అన్నం ఎట్ట తింటది పిల్ల?” అని ఒకావిడకి ఒకటే దిగులు.

అలాంటి మనిషి మాతో గడిపిన కాలాన్ని వృథా అంటుందా? పుస్తకం వేసినవాళ్లకు మూడు ఉత్తరాలు రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక ఆమెకే రాశాను: ‘ఈ మాట వాళ్లదా, నీదా? అదొక్కటి చెప్పమ్మా.’ అడగడమైతే అడిగాను. తీరా ఆమె ‘నాదే’ అంటే ఏం చేయాలో తోచక, పోస్ట్‌మన్ వచ్చే వేళకి ఇంట్లో ఉండేవాణ్ణి కాదు.

చివరికి జవాబొచ్చింది:

‘బాబాయ్, ఆ మాట నాదే. నా ఈడువాళ్లంతా నాకంటే ముందే డాక్టరేట్లు తెచ్చుకున్నారన్న ఉడుకుమోత్తనంతో ఎవరితోనో అన్నాను. అచ్చులో చూశాక సిగ్గేసింది. అయినా దిద్దమని అడగలేదు, అది ఇంకా పెద్ద తప్పు. ఇప్పుడు అడిగాను. మలి ముద్రణలో తీసేస్తారట, ఆ చోట ఏం రాయాలంటున్నారు. మీరే రాసి పంపండి. వానలో జీపు దిగబడితే నేను ఏడ్చిన సంగతి మాత్రం వద్దు. సరే, అదీ రాయండి.’