పాయసం పూసిన పడుగు

ఆ రోజుల్లో మా వైపు తీపి అంటే తిన్నదానికన్నా ఎదురుచూసిందే ఎక్కువ. వానలు మొహం చాటేసిన ఏడైతే మరీను. ఉగాదికి ఓళిగలు, పెండ్లిళ్లకు కర్జికాయలు, మిగతా దినాల్లో గుప్పెడు శెనక్కాయలూ వేలెడు బెల్లం ముక్కా. అయినా పన్నెండేళ్లకే నేను గొప్ప వంటగత్తెనని నాకొక గట్టి నమ్మకం ఉండేది (ఎందుకని మాత్రం అడక్కండి). దానికి తోడు ఒక్కచోట నిలవని కాళ్లు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే వీధిలోకి ఉరకాలనిపించేది.

మాది బత్తలపల్లె దగ్గర నేతపని ఇల్లు. నాయన నూలు చీరలు నేసేవాడు, మగ్గానికి నూలు కండెలు చుట్టేది నేను. ఊళ్లో బడి ఐదో తరగతితో సరి, ఆపైన చదవాలంటే ధర్మవరంలో మేనత్త ఇంట్లో ఉండాలి. మా బడి అయ్యవారు (చాటుగా మేమంతా "అద్దాలాయన" అనేవాళ్లం) ఈ సంగతి నాయన దగ్గర మూడుసార్లు కదిపారు. మూడుసార్లూ నాయనది ఒకటే మాట. "అది పోతే కండెలెవరు చుట్టాల అయివారూ?" నాలుగోసారి, ఇదే ఆఖరని చెప్పి, ఆయన ఒక ఆదివారం మా ఇంటికి వస్తానన్నారు. అప్పుడు అమ్మ ఊళ్లో లేదు, పిన్ని కాన్పుకని తనకల్లు పోయింది. ఆ రోజు నాయన ఊ అనకపోతే నా చదువు అంతటితో సరి. ముందురోజంతా నాకు కుదురు లేదు. ఒక కండె మూడుసార్లు చుట్టి మూడుసార్లు విప్పాను.

నాయన మనసు మెత్తబడాలంటే ఇంట్లో పాయసం ఉడకాల్సిందేనని నాకు తోచింది. ఉన్నవి రెండు గుప్పెళ్ల బియ్యపు నూకలు, కంట్రోలు అంగడి నుంచి తెచ్చిన చక్కెరలో అడుగూబొడుగూ. పాలు లేవు, నెయ్యి మాట ఎత్తే పనే లేదు. నూకలు పొయ్యి మీద పెట్టి, అయ్యవారు వస్తున్నారేమోనని వీధిలోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అడుగంటబోతోంది, ఒక చెంబు నీళ్లు పోశాను. మళ్లీ పరుగు, మళ్లీ చెంబు. నాలుగు చెంబులయ్యాక గరిటెతో మెదిపి చూస్తే తెల్లగా, జారుగా, చక్కెర పడిందో లేదో తెలియనట్టుగా తయారైంది (ఇప్పటి డాక్టర్లు చూస్తే భుజం తట్టేవాళ్లు). త్వరగా చల్లారుతుందని కుండ దించి పంచలో నీడకు పెట్టాను. పడుగు దారాలకు పట్టించే గంజి కుండ చోటు కూడా అదే. ఆ గంజినీ పొద్దున నేనే కాచి అక్కడ పెట్టాను. కానీ కాళ్లు వీధివైపు లాగుతుంటే ఏ కుండ ఎటుందో ఎవరికి పట్టింది?

అయ్యవారికి ఊరి మొగదలే ఎదురెళ్లి వెంటబెట్టుకొచ్చేసరికి నాయన వీధిలో పడుగు సాచి, కుంచెతో గంజి పట్టిస్తున్నాడు. హమ్మయ్య, గంజి కుండ ఆయన తీసుకుపోయాడు, పంచలో మిగిలింది పాయసమే అనుకున్నాను. లోటా నిండా పోసి అయ్యవారి చేతికిచ్చాను. రుచి చూడలేదు. ఇంటికొచ్చినవాళ్లకు పెట్టేది ముందే ఎంగిలి చేయకూడదని అమ్మ చెప్పిన మాట ఆ రోజే బుద్ధిగా పాటించాను.

ఆయన ఒక గుక్క తాగి అద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని లోటాలోకి చూశారు.

"తీపి కొంచెం తక్కువైంది తల్లీ. పర్వాలేదు, ఒంటికి మంచిదే" అని కళ్లు మూసుకుని చివరిదాకా తాగారు. బెత్తం పట్టే ఆ మనిషిలో అంత దయ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఇంకొంచెం పొయ్యమంటారా సార్?"

"వద్దమ్మా, వద్దొద్దు!"

అంతలో వీధిలోంచి నాయన కేక. "ఏమ్మే పాపా! ఇన్ని చీమలు యాడనుంచి వస్తాండాయి?"

నేను పరుగున, అయ్యవారు నా వెనకే పోయి చూస్తే పడుగు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎర్రచీమలు బారులు తీరి ఉన్నాయి. ఊళ్లో వాటికి కూడా కరువేనేమో, ఒక్కటీ ఇంట్లో ఉండిపోలేదు. నాయన వేలికి అంటినదాన్ని నాలిక్కి రాసుకున్నాడు.

"గంజి తియ్యగా ఉండాదే!" అని ఆశ్చర్యపోయి, అయ్యవారి చేతిలోని ఖాళీ లోటా వైపు తిరిగాడు. "మల్ల ఈ అయివారు తాగిందేందీ?"

నేను నేల చూపులు చూశాను. అయ్యవారు మాత్రం ఒకసారి పొట్ట నిమురుకున్నారు.

నీళ్లు దొరకని కాలంలో బావి నుంచి కడవలు మోసి మోసి మధ్యాహ్నం దాకా ఆ పడుగు కడిగాం, అయ్యవారితో సహా. చివరికి నాయన చేతులు దులుపుకుని అన్నాడు. "తీస్కపోండి అయివారూ. ఇది ఇంట్లో ఉంటే నా నేత చీమల పాలే. వంట రాదు, నిలకడ లేదు. సదువన్నా వస్తాదేమో సూద్దాం."

వారం తిరక్కుండానే ధర్మవరం పోయాను. నా పాయసమే నన్ను చదివించిందని ఏళ్ల తరబడి కనబడినవాళ్లందరికీ చెప్పుకుని మురిశాను. నేను ఉద్యోగంలో చేరాక ఒకరోజు ఆ కథే మళ్లీ చెబుతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

"నీ పాయసం మొగం! పాప వస్తాదని మీ అత్తకు ఆ ముందుదినమే కబురంపినాడు మీ నాయన. అయివారు వస్తే చెప్పాలనుకున్నాడంట. అంతలోకే నువ్వు చీమలకు విందు చేసినావు."

పగలబడి నవ్వాను. ఆ నాలుగు చెంబుల నీళ్లు, ఆ పరుగులు, అయ్యవారు మింగిన గంజి, అంతా ఉత్త పుణ్యానికేనన్న మాట! నవ్వుతూనే, "అయితే నేను పోయినాక కండెలెవరు చుట్టినారు?" అని అడిగాను.

"ఎవరు చుడతారు? ఆయప్పే, మీ నాయనే" అంది అమ్మ.

అన్నేళ్లలో ఆ మాట నేను అడగడం అదే మొదటిసారి.