బిస్కెట్ తిన్నాక గోళీ

మా ల్యాబ్ బయట నడవాలో ఎవరో గ్లూకోజ్ బిస్కెట్ల పొట్లం విప్పారు. లోపల నేను మైక్రోస్కోపు ముందు కూర్చుని, క్లమీడియా అనే బ్యాక్టీరియా సోకిన కణాలను చూస్తున్నాను. ఆ తీపి వాసన తగలగానే మిర్యాలగూడలో ఒక చిన్న ఆసుపత్రి, దాన్ని నడిపిన సుగుణ డాక్టరుగారు గుర్తుకొచ్చారు. పాత జ్ఞాపకాలతో పొద్దుపుచ్చే అలవాటు నాకు లేదు. ఈ బిస్కెట్ల దగ్గర మాత్రం నా పప్పులు ఉడకవు.

సూర్యాపేటలో చదువు ముగిశాక నా మొదటి ఉద్యోగం ఆవిడ దగ్గరే. రక్తం, మూత్రం పరీక్షలు చేయడం, మా దగ్గర కానివి హైదరాబాద్ పంపడం నా పని. ఆవిడది కోదాడ. ఆడవాళ్ల జబ్బుల డాక్టరు. గొంతు పెంచేవారు కాదు, ఊరికే నవ్వేవారూ కాదు. కొత్తలో ఆవిడంటే నాకు చచ్చేంత భయం.

ఒకరోజు వేములపల్లి నుంచి లలిత అనే అమ్మాయి అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. వేసవి లోపు కడుపు పండకపోతే కొడుక్కి ఇంకో సంబంధం చూస్తానని అత్త మా బెంచీ మీద కూర్చుని అందరికీ వినపడేలా చెప్పింది. మా వైపు ఇలాంటి వాటికి అత్తాకోడళ్లే వస్తారు, కొడుకు రాడు. లలిత భర్త మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. హైదరాబాద్ నుంచి లలిత రిపోర్టు వచ్చింది. క్లమీడియా. నొప్పీ జ్వరమూ లేకుండా లోపలే ఉండి గర్భనాళాలను పాడుచేయగల జబ్బు అది, భార్యాభర్తల మధ్య అటూ ఇటూ సోకుతుంది. డాక్టరుగారు అత్తను బయట ఉంచి, లలితకు విషయం చెప్పి, ఆమెకూ భర్తకూ విడివిడిగా మందు గోళీలు పొట్లాలు కట్టించి పంపారు.

కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేస్తే జబ్బు అలాగే ఉంది. మందు పనిచేయలేదని నేననుకున్నాను.

"మీ ఆయన గోళీలు వేసుకున్నాడా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

లలిత తల వంచుకుంది. "లేదు మేడం. మా అత్త రెండు పొట్లాలు నన్నే మింగమన్నది. పిల్లలు పుట్టే గోళీలు మొగోనికెందుకు, అన్నీ నువ్వే ఏసుకుంటే జల్ది కడుపు నిలుస్తదన్నది. అవి ఏం గోళీలో ఆమెకు ఎట్ల చెప్పాలె?"

డాక్టరుగారికి కోపం వచ్చింది, అత్త మీద కాదు. "పొట్లం చేతికిచ్చి పంపటం నా బుద్ధితక్కువ," అన్నారు. ఆ రోజు నుంచి మా ఆసుపత్రిలో ఒక పద్ధతి మొదలైంది. భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి. ఖాళీ కడుపున వికారం పెట్టకుండా ముందు బిస్కెట్లు తినాలి. ఆ తర్వాత ఆవిడ ఎదురుగానే గోళీలు మింగాలి.

లలిత చేత అక్కడి నుంచే భర్తకు ఫోను చేయించారు. మర్నాడు అతను సిమెంటు దుమ్ము చొక్కాతోనే వచ్చాడు. విషయమంతా విని మొహం గంటుపెట్టుకుని అడిగాడు.

"ఎవరి నుంచి వచ్చింది మేడం ఇది? ఆమె నుంచా, నా నుంచా?"

ఆ జవాబు మీదే లలిత కాపురం నిలబడి ఉంది.

"ఎవరి నుంచి వచ్చిందో ఏ టెస్టులోనూ రాదు బాబూ," అన్నారు డాక్టరుగారు. "ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో అంతే వస్తుంది. నీకూ టెస్టు చేస్తాం. ముందు బిస్కెట్ తిను."

అతను చాలాసేపు బిస్కెట్ వంక చూశాడు. తర్వాత తిన్నాడు. భార్య పక్కనే కూర్చుని ఆమెతోపాటు గోళీలు మింగాడు.

బయట బెంచీ మీంచి అత్త లేచింది. "ఏమన్నది డాక్టరమ్మ? ఇగ దీనికి పిల్లలు కారంటనా?"

"దీనికొక్కదానికే కాదమ్మా జబ్బు. నాకు గూడ ఉంది. ఇగ సంబంధం గింబంధం అనకు," అన్నాడతను.

అతని రిపోర్టు అప్పటికి ఇంకా రాలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ల్యాబులోకి వెళ్లి, కడిగిన గాజు గొట్టాలనే మళ్లీ కడిగాను.

ఆ సాయంత్రం డాక్టరుగారిని అడిగాను, ఆ బ్యాక్టీరియా అంతకాలం లోపల ఉంటే కణం ఎందుకు ఊరుకుంటుందని.

"అది తలుపు పగలగొట్టి రాదమ్మా," అన్నారు. "తన ప్రోటీన్లు ముందు పంపించి, కణం చేతే లోపలికి లాగించుకుంటుంది. లోపల ఒక సంచిలో కూర్చుంటుంది. ఆ సంచి గోడకు కూడా తన ప్రోటీన్లే తగిలిస్తుంది. అంతకన్నా నాకూ తెలీదు. నువ్వెళ్లి చదువుకో."

ఆ మాట పట్టుకునే ఇంతదూరం వచ్చాను. ఇప్పుడు ఇంకాస్త తెలుసు. సంచి గోడలోని ప్రోటీన్లు కణం సొంత ప్రోటీన్లను పట్టుకుని, కణం బ్యాక్టీరియాను అరిగించుకునే చోటికి సంచి చేరకుండా దారి మళ్లిస్తాయి. కణం తన కోసం చేసుకున్న కొవ్వును ఇటు తిప్పుకుంటాయి. తమ పని అయ్యేదాకా కణాన్ని చావనివ్వవు కూడా.

లలితకు పిల్లలు పుట్టారో లేదో నాకు తెలియదు. ఒక నాళం మూసుకుపోయిందని మాత్రం తెలుసు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా పక్కన భర్త ఉండేవాడు. సుగుణ డాక్టరుగారు ఇప్పుడు లేరు.

బిస్కెట్లు ముగించిన నా విద్యార్థిని చేతులు కడుక్కుని వచ్చి మైక్రోస్కోపులోకి వంగింది. పక్కపక్కనే రెండు కణాలు. రెండింటిలోనూ మేం వేసిన రంగుకు సంచి గోడ ఆకుపచ్చగా మెరుస్తోంది.

"మేడం, ఇది దేని నుంచి దేనికి వచ్చింది?"

"అది ఇందులో రాదమ్మా," అన్నాను. "ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో అంతే వస్తుంది. రెండింటినీ రాసుకో."